పాత ప్రాసెసర్‌కు ఓవర్‌క్లాకింగ్ బోర్డు ఎంచుకోవడం: బరంపురం వేడిలో, బరంపురం కరెంటుతో

మా బావకు ఒడిశాలోని బరంపురంలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు, రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే ఆ నెలంతా రాత్రీ పగలూ పనే. ఆయన కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ ఐ7-2600కె ప్రాసెసర్. ఆ పేరు చివర ఉన్న 'కె' అక్షరాన్ని ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే దాని కింద బిగించింది వేగం పెంచనివ్వని హెచ్61 మదర్‌బోర్డు. కొన్న గుర్రాన్ని గుంజకే కట్టేసి ఉంచినట్టు. "కొత్తది కొనే బడ్జెట్ ఈ ఏడాది లేదురా, దీన్నే కొంచెం పరిగెత్తించే దారి ఉందా?" అని ఆయన అడిగినప్పుడు మేమిద్దరం ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే ప్రాసెసర్‌ను ఫ్యాక్టరీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడానికి, వీలిచ్చే బోర్డు వెతకడం మొదలుపెట్టాం. ఆ వెతుకులాటలో నేర్చుకున్నది, అంతకు ముందు నా సొంత మెషీన్ల మీద నేర్చుకున్నది కలిపి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. రాయగడలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, గంజాం జిల్లా మరో మూలలో ఉన్నా మీకూ ఇవే ఎండలు, ఇదే కరెంటు. అందుకే చల్లటి ఏసీ గదిలో కూర్చుని రాసిన సలహాలు మనకు నేరుగా సరిపోవు.

మొదటి అడుగు: ప్రాసెసర్ పేరును చివరి అక్షరం దాకా చదవండి

సీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ప్రాసెసర్ పూర్తి పేరు, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), ఇప్పుడున్న బోర్డు చిప్‌సెట్ (బోర్డు ఏమేం చేయనిస్తుందో నిర్ణయించే ప్రధాన చిప్), అన్నీ కనిపిస్తాయి. ఇంటెల్‌లో 2011లో వచ్చిన రెండో తరం నుంచి లెక్క ఇది: సాధారణంగా పేరు చివర 'కె' ఉంటేనే మల్టిప్లయర్‌ను మన ఇష్టం వచ్చినంత పెంచుకోవచ్చు. మల్టిప్లయర్ అంటే, 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె. 34 రెట్లు అయితే 3.4 గిగాహెర్ట్జ్, 44 రెట్లు అయితే 4.4.

"మల్టిప్లయర్ ఎందుకు, ఆ 100నే పెంచితే పోలా?" అని కొందరు అడుగుతారు. ఈ తరంలో ఆ 100తోనే గ్రాఫిక్స్ కార్డు నడిచే పీసీఐ ఎక్స్‌ప్రెస్, హార్డ్ డిస్క్ నడిచే సాటా, అన్నీ ముడిపడి ఉన్నాయి. 103, 105 దాటితే హార్డ్ డిస్క్‌లో డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌తో ఆ ప్రయోగం చేయకండి.

'కె' లేని ఐ5-2500 లాంటివి ఉన్నవాళ్లు పూర్తిగా నిరాశ పడనక్కర్లేదు. తగిన బోర్డు మీద టర్బో వేగం (పని పడినప్పుడు ప్రాసెసర్ తనంతట తాను అందుకునే పై వేగం) కంటే నాలుగు మెట్లు పైకి వెళ్లనిస్తుంది. 3.7 టర్బో 4.1 అవుతుంది. నాలుగు కోర్లూ ఒకేసారి పనిచేసేటప్పుడు మాత్రం 3.8 దగ్గర ఆగుతుంది. ఆ కొంచెం కోసం బోర్డు కొనడం నా దృష్టిలో దండగ. ఈ తరాల ఐ3లకు టర్బోనే లేదు కాబట్టి ఆ కొంచెమూ ఉండదు.

రెండో అడుగు: చిప్‌సెట్. సగానికి పైగా బోర్డులు ఇక్కడే ఆగిపోతాయి

2600కె, 2500కె, ఆ తర్వాతి ఏడాది వచ్చిన 3570కె, 3770కె, ఇవన్నీ ఎల్‌జీఏ 1155 సాకెట్‌వి. ఈ సాకెట్‌లో హెచ్61, హెచ్67, బీ75, హెచ్77 బోర్డులు మార్కెట్లో కుప్పలుగా దొరుకుతాయి, కానీ వాటిలో మల్టిప్లయర్ పెంచే వీలు లేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో సీలు తీయని కొత్త డబ్బాల్లో 1155 బోర్డు కనిపిస్తే అది ఎక్కువగా హెచ్61 అయి ఉంటుంది. డబ్బా కొత్తదే, మన పనికి మాత్రం రాదు.

మనకు కావాల్సినవి పీ67, జెడ్68, జెడ్75, జెడ్77. వీటిలో తేడాలు తెలుసుకుంటే బేరంలో మోసపోరు.

పీ67లో ఓవర్‌క్లాకింగ్ ఉంటుంది కానీ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. పైగా దానికో పాత జబ్బు ఉంది. 2011 జనవరి 31న ఇంటెల్ తానే ప్రకటించింది: తొలి విడత 6 సిరీస్ చిప్‌సెట్‌లలో 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలక్రమంలో బలహీనపడతాయని. సరిదిద్దిన విడతకు 'బీ3' అని పేరు. అందుకే పీ67 బోర్డు కంటపడితే పేరులో గానీ, డబ్బా మీద గానీ, సీపీయూ-జడ్‌లో చిప్‌సెట్ రివిజన్ దగ్గర గానీ బీ3 కనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

జెడ్68 అదే ఏడాది మే నెలలో వచ్చింది. ఓవర్‌క్లాకింగ్, లోపలి గ్రాఫిక్స్ రెండూ ఉంటాయి. వీడియో పనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్ ఉంటే వీడియోను వేగంగా మార్చే క్విక్ సింక్ అనే ఇంటెల్ సదుపాయం దొరుకుతుంది, వీడియో ఎక్స్‌పోర్ట్ త్వరగా ముగుస్తుంది. మా బావ విషయంలో పీ67ను పక్కన పెట్టడానికి ఇదే కారణం. జెడ్77 2012లో వచ్చింది. యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉంది, మూడో తరం ప్రాసెసర్‌ను బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తలనొప్పి లేకుండా తీసుకుంటుంది. పీ67, జెడ్68 మీద 3770కె పెట్టాలంటే ముందు పాత ప్రాసెసర్ పెట్టి బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. జెడ్68, జెడ్77 ఒకే ధరకు దొరికితే ఆలోచించకుండా జెడ్77 తీసుకోండి.

మీ ప్రాసెసర్ వేరే తరానిదైతే క్లుప్తంగా చెబుతాను. 4670కె, 4690కె, 4770కె లాంటి నాలుగో తరానికి 1150 సాకెట్ జెడ్87 లేదా జెడ్97. 6600కె, 7700కె లాంటి ఆరు, ఏడు తరాలకు జెడ్170 లేదా జెడ్270. ఇక్కడ ఒక గుంట ఉంది: జెడ్370 సాకెట్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ప్రాసెసర్ అందులో కూర్చుంటుంది కూడా, కానీ ఆ బోర్డు ఎనిమిదో తరం నుంచే. ఏఎండీ రైజెన్‌కు ఏ320, ఏ520 వద్దు, బీ350, బీ450 చాలు. ఏఎండీ ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లన్నీ అన్‌లాక్ అయినవే, కాబట్టి అక్కడ చిప్‌సెట్ కంటే బోర్డు కరెంటు భాగమే అసలు ప్రశ్న. ఎఫ్‌ఎక్స్-8350 ఫ్యాక్టరీ వేగంలోనే 125 వాట్లది. దాన్ని హీట్‌సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) లేని చవక 760జీ బోర్డు మీద పెడితే ఓవర్‌క్లాక్ సంగతి దేవుడెరుగు, మామూలు వేగం నిలబెట్టుకోవడమే కష్టం.

మూడో అడుగు: బోర్డు మీద కరెంటు భాగం

బోర్డు ఎంచుకోవడమంటే ప్రధానంగా ఇదే. బేరంలో ఎవరూ మాట్లాడనిది కూడా ఇదే.

కేబినెట్‌లోని పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్‌కు కావాల్సింది సుమారు 1.2 వోల్టులు. ఈ మార్పు చేసేది సాకెట్ చుట్టూ ఉన్న చిన్న నల్ల మాస్‌ఫెట్లు, వాటి పక్కన చదరపు దిమ్మల్లా ఉండే కాయిల్స్, కెపాసిటర్లు. దీన్ని వీఆర్‌ఎం అంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2600కె 95 వాట్లది. 1.2 వోల్టుల దగ్గర 95 వాట్లంటే దాదాపు 79 ఆంపియర్లు. ఇప్పుడు నాలుగు కోర్లనూ 3.5 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లి, అందుకోసం వోల్టేజీని 1.2 నుంచి 1.32కు పెంచామనుకోండి. ఖర్చయ్యే పవర్ వేగంతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం వల్ల 1.26 రెట్లు, వోల్టేజీ వల్ల 1.21 రెట్లు, రెండూ కలిపి ఒకటిన్నర రెట్లు. అంటే సుమారు 145 వాట్లు, 110 ఆంపియర్లు. వీఆర్‌ఎంలో మాస్‌ఫెట్లు, కాయిల్ కలిసిన ఒక్కో జట్టును ఫేజు అంటారు. ఆ 110 ఆంపియర్లు నాలుగు ఫేజుల మీద పడితే ఒక్కోదానికి 27కు పైగా. ఎనిమిది ఫేజులుంటే 14 లోపు. మాస్‌ఫెట్‌లో పుట్టే వేడిలో పెద్ద భాగం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు సగమైతే ఒక్కో ఫేజులో ఆ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎనిమిది ఫేజుల బోర్డు చల్లగా ఉండటానికి కారణం ఇంతే.

అలాగని డబ్బా మీద రాసిన అంకెను నమ్మకండి. కొన్ని బోర్డుల్లో కాయిల్స్ రెట్టింపు ఉన్నా వాటిని నడిపే కంట్రోలర్ సగం ఫేజులదే ఉంటుంది. అది తప్పేమీ కాదు, కరెంటు పంచుకోవడం జరుగుతూనే ఉంటుంది, కానీ '16 ఫేజులు' అన్న మాటకు రెట్టింపు డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఫొటోలో నేను చూసేవి ఇవి. సాకెట్ ఎడమ పక్క, పై పక్క మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ ఉందా? ఉంటే అది స్క్రూలతో బిగించిందా, ప్లాస్టిక్ పిన్నులతోనా? స్క్రూలే మేలు, పిన్నులు ఏళ్ల వేడికి పట్టు సడలుతాయి. సాకెట్ పక్కన కెపాసిటర్లు పైన చదునుగా, గీత లేకుండా ఉన్న పాలిమర్ రకమా, లేక తల మీద చీలిక గీతలున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ రకమా? ప్రాసెసర్ కరెంటు సాకెట్ 8 పిన్నులదా, 4 పిన్నులదా? ఓవర్‌క్లాక్ చేసే బోర్డుకు 8 పిన్నులది ఉండాలి.

హీట్‌సింక్ లేని నాలుగు ఫేజుల జెడ్77లు కూడా ఉన్నాయి. చిప్‌సెట్ పేరు చూసి వాటిని కొన్నవాళ్లు మే నెలలో బాధపడతారు. 4.0, 4.2 దగ్గర ఆగేవాళ్లయితే వాటితో సర్దుకోవచ్చు, అంతకు మించి వద్దు.

ఏ పేర్లు వెతకాలి

జెడ్77లో ఆసుస్ పీ8జెడ్77-వీ, గిగాబైట్ జీఏ-జెడ్77ఎక్స్-యూడీ3హెచ్, ఆస్‌రాక్ జెడ్77 ఎక్స్‌ట్రీమ్4, ఎంఎస్‌ఐ జెడ్77ఏ-జీడీ65. జెడ్68లో ఆసుస్ పీ8జెడ్68-వీ ప్రో, ఆస్‌రాక్ జెడ్68 ఎక్స్‌ట్రీమ్4. ఇవి దొరికితే పై పరీక్షలన్నీ దాదాపు పాసైనట్టే. పేరు చివర ఎల్‌ఎక్స్ వంటి అక్షరాలు చేరితే అది చవక రకం కావచ్చు, ఫొటో అడిగి చూడండి.

ఆసుస్, ఆస్‌రాక్ బోర్డుల్లో చాలావాటికి బయోస్ చిప్ చిన్న సాకెట్‌లో గుచ్చి ఉంటుంది. పాడైతే చేత్తో లాగి, ప్రోగ్రామర్ ఉన్న రిపేర్ షాపులో మళ్లీ రాయించి పెట్టుకోవచ్చు. గిగాబైట్‌లో టంకం వేసి ఉంటుంది, బదులుగా రెండో బయోస్ ఉంటుంది. రెండు పద్ధతులూ మనకు ధైర్యమే.

ఇవన్నీ ఏటీఎక్స్ సైజు బోర్డులు. మీ కేబినెట్ చిన్నదైతే ముందు టేపు పెట్టి కొలవండి. పాత బోర్డు మైక్రో ఏటీఎక్స్ అయితే కొత్తది లోపల పట్టకపోవచ్చు.

ధర దగ్గర నేను పెట్టుకున్న హద్దు ఒక్కటే: బోర్డు, కూలర్ కలిపి ఆరు కోర్ల ఐ5-8400 ఉన్న సెకండ్‌హ్యాండ్ సెట్ ధర దరిదాపులకు వస్తే ఓవర్‌క్లాకింగ్ ఆలోచన వదిలేయాలి. రెండు, మూడు తరాల్లో ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాల సెట్టు లేదు, కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్లు అది లేనిదే తెరుచుకోవు. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా వీటి మీదకు రాదు. బావకు ఈ సంగతి ముందే చెప్పాను. ఆయన వాడే సాఫ్ట్‌వేర్ పాత వెర్షనే కాబట్టి ఇంకో రెండేళ్లు చాలంటే చాలన్నారు.

చేతిలోకి తీసుకుని చూడటం

ఈ బోర్డులు కొత్తవి దొరకవు. మనకైతే ఇటు విశాఖ నుంచో, అటు భువనేశ్వర్ నుంచో రావాలి. వీలుంటే రైలెక్కి వెళ్లి చూసి తెచ్చుకోండి. ఒకసారి నేను పార్సిల్‌లో తెప్పించుకున్నాను. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత లేకుండా, న్యూస్‌పేపర్‌లో చుట్టి పంపారు. బోర్డు ఆన్ అయింది, కానీ రెండు మెమరీ స్లాట్లు కనిపించలేదు. సాకెట్‌లో రెండు పిన్నులు వంగి ఉన్నాయి. 1155 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి, వెంట్రుకంత సన్నం. అప్పటి నుంచి నా మొదటి షరతు మూత. అది లేకపోతే అమ్మేవాళ్లను గట్టి అట్టముక్కయినా టేపుతో అంటించమని అడుగుతాను.

మొబైల్ టార్చ్ వేసి సాకెట్‌ను ఏటవాలుగా చూడండి. పిన్నుల మెరుపు వరుసలు వరుసలుగా, ఒకే తీరుగా కనిపించాలి. ఎక్కడైనా వరుస తప్పితే అక్కడ పిన్ను వంగినట్టే. వంగిన పిన్నును సన్నటి సూదితో, భూతద్దం పెట్టుకుని సరిచేయవచ్చు, నేనే చేశాను, కానీ గంటసేపు ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. విరిగితే మాత్రం వదిలేయండి.

తర్వాత కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. మాస్‌ఫెట్ల వెనక వైపు, అంటే బోర్డు అడుగున, గోధుమ రంగు మరకలు ఉంటే ఆ బోర్డు ఎవరి చేతిలోనో బాగా కాగిందని అర్థం.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన పరీక్ష ఒకటుంది. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరం. ఉప్పు గాలి, చెమ్మ. అందులోనూ తుపాను కాలంలో నెమ్ము పట్టిన గదుల్లో ఏళ్లు గడిపిన బోర్డులు ఇక్కడ చాలా తిరుగుతున్నాయి. వెనక యూఎస్‌బీ, లాన్ పోర్టుల లోహం తుప్పు పట్టిందా, స్క్రూ రంధ్రాల చుట్టూ పచ్చటి బూజులాంటిది ఉందా అని చూడండి. పైపైన ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తో పోతుంది. చిప్‌ల కాళ్ల దగ్గర ఉంటే ఎంత చవకైనా వద్దు.

దుకాణంలో ఆన్ చేసి చూపించమన్నప్పుడు బయోస్ పేజీ రాగానే సరే అనకండి. నాలుగు మెమరీ స్లాట్లలోనూ ర్యామ్ మార్చి మార్చి పెట్టించండి. మీ ప్రాసెసర్ మీరే తీసుకెళ్లడం మంచిది. బయోస్‌లోకి వెళ్లి సీపీయూ రేషియో, అంటే మల్టిప్లయర్, మారుతోందా, వోల్టేజీ మార్చే చోటు తెరుచుకుంటోందా చూడండి. వారం రోజులైనా టెస్టింగ్ వారంటీ బిల్లు మీద రాయించుకోండి.

కూలర్, మే నెల

ప్రాసెసర్‌తో వచ్చిన చిన్న ఇంటెల్ ఫ్యాన్ ఈ పనికి చాలదు. 1155 కూలర్ రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు. 1150, 1151, 1200 సాకెట్లకూ అదే కొలత, కాబట్టి వాటి కూలర్ ఏదైనా సరిపోతుంది.

కూలర్ పరీక్షల్లో చెప్పే ఉష్ణోగ్రతలు చల్లటి గదిలో తీసినవి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు పది పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 70 చూపించింది, మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీల స్టూడియోలో 80 దాటుతుంది. అందుకే నేను చలికాలంలో 68 మించనివ్వను.

ఇంకో మాట, చాలామంది గమనించనిది. నిలువు టవర్ కూలర్ గాలిని వెనక్కి తోస్తుంది, బోర్డు వైపు కాదు. చిన్న ఇంటెల్ ఫ్యానైతే కిందికి వీచి మాస్‌ఫెట్లకు కూడా గాలి తగిలించేది. టవర్ పెట్టగానే ఆ గాలి పోతుంది, వీఆర్‌ఎం వేడెక్కుతుంది. గాలి కిందికి వీచే రకం పెద్ద కూలర్ తీసుకోవడమో, టవరే కావాలంటే మాస్‌ఫెట్ హీట్‌సింక్ మీదకు 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కట్టడమో చేయండి. మేం రెండోది చేశాం. అంతకు ముందు వేలు పెట్టలేనంత కాలిన హీట్‌సింక్ మీద తర్వాత చెయ్యి ఆనించగలిగాం.

మూడో తరం వాళ్లకు జాగ్రత్త: 3570కె, 3770కెలలో ప్రాసెసర్ లోహపు మూత కింద టంకం బదులు పేస్ట్ ఉంది. ఎంత మంచి కూలర్ పెట్టినా ఇవి 2600కె కంటే వేడిగానే నడుస్తాయి.

ఇంటి కరెంటు

వోల్టేజీ పడిపోవడం, లేవడం మనకు అలవాటే. ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల లైన్ 11.4కు, 12.6కు మధ్యనే ఉండాలి. లోడ్ పడినప్పుడు 11.4 కిందికి జారిపోయే చవక ఎస్‌ఎంపీఎస్‌తో ఏ బోర్డూ నిలకడగా ఉండదు, తప్పు మాత్రం బోర్డు మీదకు పోతుంది. 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తున్న, ప్రాసెసర్‌కు 8 పిన్నుల వైరున్న ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఊరికే ఉంటుంది. యూపీఎస్ లేకుండా బయోస్ అప్‌డేట్‌కు అస్సలు దిగవద్దు.

బిగించాక

బోర్డు వచ్చిన రోజే వేగం పెంచకండి. సీఎంఓఎస్ సెల్లు, అదే సీఆర్2032, మార్చండి. బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, వారం పాటు మామూలు వేగంలోనే పని చేయించండి. ఆ వారంలో తేలిన లోపం బోర్డుది, తర్వాత తేలితే ఎవరిదో తెలియదు.

ర్యామ్ వోల్టేజీ 1.5 దగ్గరే ఉండనివ్వండి. పాత 1.65 వోల్టుల ర్యామ్ ఉంటే ఈ తరం ప్రాసెసర్ల కోసం మార్చేయడం మేలు. తర్వాత మల్టిప్లయర్‌ను 40కి పెట్టి, ప్రాసెసర్‌కు పూర్తి లోడు ఇచ్చే ప్రైమ్95 అరగంట నడిపి, ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో వేడి చూడండి. సరిపోతే 42, ఆపైన ఒక్కో అంకె. మెషీన్ ఆగిపోతే వోల్టేజీని 0.01 చొప్పున పెంచండి. రెండో తరానికి 1.35, మూడో తరానికి 1.28 దగ్గర నేను ఆగిపోతాను. 2600కె 98 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కానీ ఆ అంచు దాకా పోనివ్వడం ఎందుకు, 80 లోపు ఉంచండి. వోల్టేజీ సెట్టింగ్‌లో ఆఫ్‌సెట్ పద్ధతి ఎంచుకుంటే పని లేనప్పుడు వోల్టేజీ దానంతటదే దిగుతుంది. రోజంతా ఆన్‌లో ఉండే మెషీన్‌కు అదే సరైనది.

బావ మెషీన్ జెడ్77 బోర్డు మీద 1.31 వోల్టులతో 4.4 దగ్గర స్థిరపడింది. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి, ఒక్కో పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాం. మొదటిది 44, జూలై నుంచి మార్చి దాకా. రెండోది 42, ఎండాకాలం మూడు నెలలకు. ఏప్రిల్ ఒకటో తారీఖున ఆయనకు నేను ఫోన్ చేసి ప్రొఫైల్ మార్చమని గుర్తు చేస్తాను.